పూచీకత్తు

శాంతినగర్‌లో కింద బస్టాండు,
ఐదో అంతస్తులో విదేశీయుల ఆఫీసు.
కింద అందరూ ఎక్కడికో పోవడానికి నిలబడతారు,
పైన, ఉండిపోవడానికి.
లిఫ్టు పనిచెయ్యట్లేదు. మెట్ల మీద తెస్ఫాయె
నా చేతిలోంచి ఫైలు తీసుకున్నాడు, బరువని కాదు,
చేతులు వణుకుతున్నాయని.
ఎవరి చేతులో చెప్పలేదు.

ఫారంలో మొదటి గడి: ఇంటిపేరు.
వాళ్ళ దేశంలో ఇంటికి పేరుండదు,
మనిషి వెనక నాన్న పేరు నడుస్తుంది, నాన్న వెనక తాతది.
మా కదిరిలో ఇంటిపేరే ముందు నడుస్తుంది,
మనిషి వెనకాల చెప్పులు వెతుక్కుంటూ వస్తాడు.
గుమాస్తా ఆ గడిలో అడ్డంగా ఓ గీత గీశాడు.
పెళ్ళయ్యాక నాకొచ్చిన ఇంటిపేరు అదే.

పుట్టిన సంవత్సరం రెండు కాగితాల్లో రెండు రకాలు.
"మధ్యలో ఏడేళ్ళు ఎక్కడికి పోయినాయమ్మా?"
వాళ్ళ క్యాలెండరు మనకంటే వెనక సార్,
ఏడాదికి పదమూడు నెలలు, ఆఖరి నెలకి ఐదే రోజులు.
"ఐదు రోజుల నెలకి జీతమిస్తారా?"
"ఇవ్వరు సార్" అన్నాడు తెస్ఫాయె, నిజంగానే ఇవ్వరు.
అధికారి నవ్వాడు. ఇతనూ నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా.
మా అవ్వ ఉంటే అడిగేది:
అధికమాసంలో పెళ్ళి చేసుకుంటారా ఎవరైనా, అని.

పోయిన వారం లింగరాజపురం ఇంటికి కానిస్టేబులు వచ్చాడు,
మేం కలిసే ఉంటున్నామో లేదో చూడ్డానికి.
గడప దగ్గరే బూట్లు విప్పాడు, అది గుర్తుంది.
రెండు టూత్‌బ్రష్షులు, దండెం మీద నా నైటీ పక్కన అతని బనీను,
గిన్నెలో మూడురోజులుగా పులుస్తున్న రాగిపిండి
(వాళ్ళ ధాన్యం ఇక్కడ దొరకదు, రాగితోనే ఆ పెద్ద అట్టు పోస్తాడు).
ఎవరూ పిలవకుండానే కిందింటి జయమ్మ పైకొచ్చి
"ఒళ్ళే జన సార్. జగళ ఆడ్తారె, ఆదరె ఒళ్ళే జన" అంది.
పోట్లాడుకుంటామన్న మాటే
కానిస్టేబులు ముందుగా రాసుకున్నాడు.

ఆ పోట్లాటల గురించి జయమ్మకి తెలియంది ఒకటుంది.
మిగతా ఇళ్ళల్లో "పో" అంటే పక్కగదిలోకి,
మహా అయితే మేడమీదికి.
మా ఇంట్లో ఆ మాటకి అడిస్ అబాబా దాకా టికెట్టు ఉంటుంది.
ఒక్కసారే అన్నాను, శ్రావణంలో,
గ్యాస్ సిలిండరు గురించి మొదలైన గొడవలో.
అతను జవాబివ్వలేదు. కంచం కడిగి బోర్లించి
"నీ సంతకం మీద బతుకుతున్నాను కదా" అన్నాడు, నేర్చుకున్న తెలుగులో,
ఒక్క తప్పు లేకుండా.
తప్పుంటే బావుండేది, దిద్దే వంకన ఏదో ఒకటి మాట్లాడేదాన్ని.

ఇప్పుడా సంతకమే మళ్ళీ.
ఇతని తిండికి, మందుకి, మంచిచెడ్డలకి,
అవసరమైతే తిరుగు ప్రయాణానికి నేనే పూచీ.
రక్తనిధిలో రోజూ వంద సంచుల మీద సంతకం పెడతాను,
ముప్ఫై ఐదు రోజుల గడువు నా చేత్తోనే రాస్తాను,
ఏనాడూ పెన్ను ఆగలేదు.
తిరుగు ప్రయాణం దగ్గర ఆగింది.
పెళ్ళయి రెండేళ్ళు నిండితే జీవితకాలం కార్డుకి రాసుకోవచ్చట,
ఇంకా పద్నాలుగు నెలలు.
మా అద్దె ఒప్పందం పదకొండు నెలలు,
అతని ఏడాది పదమూడు.
ఏ లెక్కలో చూసినా కొన్ని రోజులు ఎటూ చెందకుండా మిగులుతున్నాయి,
అక్కడే కాపురం ఉంటున్నట్టున్నాం.

ముద్ర పడింది, ఏడాదికి.

కింద బస్సులో కండక్టరు నా ఆధార్ అడిగింది.
ఈ రాష్ట్రంలో ఆడవాళ్ళకి టికెట్టు లేదు,
ఈ రాష్ట్రం వాళ్ళయితే.
కార్డు మీద కదిరి చూసి తల అడ్డంగా ఊపింది.
నేను పర్సు వెతుక్కునేలోపు
"లింగరాజపుర. ఎరడు" అన్నాడు తెస్ఫాయె,
నాక్కూడా చిల్లర ఇస్తూ.
ఈసారి నవ్వడంలో ఆలస్యం నాదే.